కడుపుల్ని పలకరించే దానయ్య

దానయ్య ఎవరి మొహమూ చూసి పలకరించేవాడు కాదు. కడుపు చూసి పలకరించేవాడు.

స్వాతంత్ర్యం వచ్చాక అండమాన్లో దిగని మనిషి లేడు. సర్కారు ఓడలెక్కించి తెచ్చినవాళ్ళు కొందరు, సముద్రం ఉంది కదా అని మన ఉత్తరకోస్తా నుంచి వలలు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళు కొందరు. పోర్టుబ్లేర్లో ఓడ కూత వినబడగానే స్నానం చేసే మనిషి ఉండేవాడు. మేకకి జోళ్ళు తొడిగిన మనిషీ ఉండేవాడు. వాళ్ళు ఏ రాష్ట్రంవాళ్ళయినా కావచ్చు. కడుపుల్ని పలకరించే మనిషి మాత్రం ఒక్కడే, అతను మన తెలుగువాడు. ఈ సంగతి ఎక్కడైనా గర్వంగా చెప్పుకోవచ్చు.

పొద్దున్నే చేపలగంపతో అబర్డీన్ బజార్లో దిగేవాడు. పోలీసు జవాను ఎదురైతే అతని బెల్టు దగ్గరకి వంగి, "రామ్ రామ్! లోపల అందరూ కులాసాయేనా?" అనేవాడు. బట్టలకొట్టు సేటు బొజ్జకయితే రెండు చేతులూ జోడించేవాడు.

"ఒరే దానయ్యా, నేను పైనున్నాన్రా!" అని సేటు మొత్తుకునేవాడు.

"నువ్వెక్కడికి పోతావు సేట్‌జీ! లోపలున్నోళ్ళ సంగతి సూసుకోవాల. ఆళ్ళు బాగుంటే నువ్వు బాగుంటావు."

ఈ వింత అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. ఒకసారి కాలిమీద సెగ్గడ్డ లేచింది. ఆ రోజుల్లో జాలర్ల పేటలో ఒక వెర్రి ఉండేది. ఓడల్లో పనిచేసేవాళ్ళు సగం ఎరుపు, సగం పసుపు రంగున్న గొట్టంమాత్రలు తెచ్చి పంచేవారు. రెండు రంగులున్నాయి కాబట్టి రెండు రోగాలకి పనిచేస్తుందని జనం లెక్క. తలనొప్పికి అదే, జ్వరానికి అదే, వలలో చేప పడకపోయినా అదే. దానయ్య సెగ్గడ్డకి మొదలుపెట్టి, గడ్డ పోయాక కూడా రుచి మరిగినవాడిలా మింగుతూ పోయాడు. చివరికి నాలుకమీద పెరుగు ఒలకబోసినట్టు తెల్లటి పొర కట్టింది. పెద్దాసుపత్రికి పరిగెత్తాడు.

అక్కడ డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, అందరికీ దీదీ. హిందీలో ఓపిగ్గా చెప్పింది. "ఇది బూజులాంటిది, దానయ్యా. ఎక్కడినుంచో రాలేదు. నీ కడుపులోనే ఉంటుంది. నా కడుపులోనూ ఉంది. అందరి కడుపులోనూ ఉంటుంది. పేగు గోడల్లోంచి కొన్ని రసాలు ఊరుతాయి. పేగులో కాపురముండే మంచి క్రిములు కొన్ని ఉంటాయి. ఈ ఇద్దరూ కాపలా కాస్తున్నంతకాలం బూజు గుండ్రంగా, బుద్ధిగా ఓ మూల పడి ఉంటుంది. నువ్వు అవసరం లేని మాత్రలు మింగి ఆ మంచి క్రిముల్ని చంపేశావు. కాపలా పలచబడింది. బూజు దారాలు చాచి పైకొచ్చింది."

దానయ్య నోరు తెరుచుకుని విన్నాడు. నోరు ఎలాగూ వైద్యానికి తెరిచే ఉంది. ఆసుపత్రి లోపలికి వెళ్ళేటప్పుడు అతను ఒక్క డుంగీ పడవ ఉన్న జాలరి. బయటికొచ్చేటప్పుడు ఒక రాజ్యానికి అధిపతి.

ఆ రోజునుంచి అతను ముద్ద నోట్లో పెట్టేముందు పొట్టమీద తట్టి, "పహరావాళ్ళూ, సావధాన్!" అని కేకేసేవాడు. తిన్నాక ఒక తేన్పు తేన్చి, "విశ్రామ్!" అనేవాడు. తేన్పు రాకపోతే లోపల ఎవరో డ్యూటీకి రాలేదని బెంగపడి, గ్లాసుడు పులిసిన గంజి పంపేవాడు. పహరావాళ్ళకి జీతమట అది.

అంతటితో ఆగితే బాగుండేది. కడుపుకి పటం కూడా తయారుచేశాడు. నోరంటే జెట్టీ. సరుకంతా అక్కడ దిగుతుంది. పొట్ట గొడౌను. పేగులు అబర్డీన్ బజారు. "బజార్లో సూడండి, బెంగాలీ ఉన్నాడు, మదరాసీ ఉన్నాడు, మనమున్నాం. ఒకడినొకడు తోసుకుంటాం, తిట్టుకుంటాం, సాయంత్రానికి ఎవడింటికాడు పోతాం. పేగులోనూ అంతే. బూజుగాడూ మనలాగే సెటిలర్. ఆణ్ణి ఎల్లగొట్టక్కర్లేదు. ఆడి సోట ఆడుంటే సాలు."

ఇక అపెండిక్సు ఏ ఊరయిందయ్యా అంటే, తుష్నాబాద్.

తుష్నాబాద్ నుంచి రోజూ బస్సులో కూరగాయలు తెచ్చి అమ్మే లక్ష్ముడు ఈ మాట విని వంకాయల తట్ట కింద పడేశాడు.

"మా ఊరు తోకా?"

"తోకే. బస్సు అక్కడిదాకా ఎల్లి ఎనక్కి తిరగదేటి? అక్కణ్ణించి ముందుకి దారుందేటి?"

"మా ఊళ్ళో వరి పండుద్ది, వక్క పండుద్ది!"

"అపెండిక్సులో చీము పండుద్ది. నానేవన్నా అన్నానా?"

అప్పట్నుంచి లక్ష్ముడికి దానయ్య పేరెత్తితే కడుపులో తిప్పేది. ఎక్కడ తిప్పుతోందని అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు. తుష్నాబాద్ అంటారని భయం.

ఈ దానయ్యవల్ల అందరికంటే ఎక్కువ అవస్థపడ్డ మనిషి యేసురాజు. యేసురాజంటే ఆషామాషీ మనిషి కాదు. భీమిలి మిషను బడిలో ఐదో తరగతి మొదటిసారికే గట్టెక్కినవాడు. డెలానీపూర్ సర్కారీ ఆఫీసులో కుర్చీ ఉన్న తొలి తెలుగువాళ్ళలో ఒకడు. ఆదివారం తెలుగు ఆరాధనలో వాక్యపఠనం ఆయనదే. ఎంత పొడుగు పేర్లొచ్చినా ఊపిరి తీసుకోకుండా చదివేవాడు. గాలివానలో గొడుగు తిరగబడకుండా ఆఫీసుకి చేరిన మనిషి పోర్టుబ్లేర్ మొత్తంమీద ఆయనొక్కడే అని ఆయనే చాలాసార్లు చెప్పాడు, కాదన్నవాళ్ళు లేరు. అంతటి మనిషి ఒక క్రిస్మస్ విందులో భోజనానికి ముందు ప్రార్థన అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, సృష్టి మొదటినుంచి వస్తున్నాడు. పిలిస్తే వచ్చిన దానయ్య పంక్తి చివర కూర్చున్నాడు. ఎంతకీ ప్రార్థన తెమలకపోయేసరికి లోపలివాళ్ళు నీరసపడతారని భయమేసి, "సావధాన్!" అని గట్టిగా అరిచాడు.

పంక్తి మొత్తం లేచి నిలబడింది. వరసలో ఉన్న పాస్టరుగారు కూడా లేచారు.

"దానయ్యా, నీకు దేవుడి భయం లేదా?" అన్నాడు యేసురాజు.

"ఉంది బాబూ. ఆయనే కదా లోపల పహరా పెట్టింది! ఆళ్ళని ఇంతసేపు మాడ్సితే ఆయనకే కోపం రాదేటి?"

పాస్టరుగారు నవ్వు ఆపుకోలేక ఆమెన్ అనేశారు. యేసురాజు ప్రార్థన నోవహు దగ్గరే ఆగిపోయింది. ఓడ ఎక్కనే లేదు. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు.

ఇలా ఉండగా నూకరత్నం సంగతి వచ్చింది.

నూకరత్నం మొగుడు సముద్రంలో పోయాక, ఒంటరిగా బస్టాండు వెనక చిన్న రేకులషెడ్డులో పూటకూళ్ళు పెట్టింది. ఆవిడ కానాగంత చేపల పులుసు కోసం డెలానీపూర్ ఆఫీసులు మధ్యాహ్నం ఖాళీ అయ్యేవి. యేసురాజు భార్య పురిటికి మెయిన్‌ల్యాండు వెళ్ళిన దగ్గర్నుంచి అక్కడే తింటున్నాడు. ఒకరోజు నూకరత్నం వేలికి చేపముల్లు గుచ్చుకుని చీము పట్టింది. ఎవరో ఓడ వంటవాడు గుప్పెడు రెండురంగుల మాత్రలిచ్చాడు. ఆవిడ వాటిని వేయించిన శనగల్లా తింటూ పోయింది. వేలు బాగుపడింది. నాలుక తెల్లబడింది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వడ్డించేది. ఒక మధ్యాహ్నం రెండు చేతుల్లో రెండు గిన్నెలున్నప్పుడు ఆవులింత వచ్చింది. ఎదురుగా కూర్చున్నది లక్ష్ముడు.

"ఓలమ్మో! నోట్లో బూజు!"

బజారు చివరికి చేరేసరికి నోట్లో బూజు కాస్తా కూరలో బూజయింది. జెట్టీ చేరేసరికి ఆవిడ బూజునే కూర వండుతోందన్నారు. సాయంత్రానికి ఆవిడ పీట తాకితే పంచెకి బూజు పడుతుందని ఒకడు పంచె విప్పి ఉతికేసుకున్నాడు. మర్నాడు షెడ్డులో ఈగలు తప్ప ఎవరూ లేరు. యేసురాజు కూడా వెళ్ళలేదు. వాక్యం చదివే నోరు కదా, జాగ్రత్తగా ఉంచుకోవాలనుకున్నాడు. బిస్కెట్లు టీలో ముంచుకుని తిన్నాడు. పులుసు గుర్తొచ్చి బిస్కెట్టు జారి టీలో పడిపోయింది.

విశాఖపట్నం వెళ్ళే ఓడ జెట్టీలోనే ఉంది. అది కదిలితే మళ్ళీ ఎన్నాళ్ళకో. గిన్నెలన్నీ గోనెసంచిలో కడుతూ నూకరత్నం ఏడ్చింది. "ఈ ఓడకే ఎలిపోతాను. అక్కడ నాకెవరూ లేరు. ఇక్కడున్నోళ్ళూ లేరని తెలిసిపోయింది కదా."

"ఆసుపత్రికెళ్ళి చూపించుకోకూడదా?" అన్నాడు యేసురాజు షెడ్డు బయటే నిలబడి, ఊపిరి బిగబట్టి.

"ఆసుపత్రి లైన్లో పోర్టుబ్లేర్ పోర్టుబ్లేరంతా నిలబడుంటది బాబూ. అందరి ముందూ నోరు తెరిసి నిలబడమంటావా? అంతకంటే సముద్రంలో దూకుతాను."

అప్పుడే దానయ్య వచ్చాడు. ఆవిడ కడుపుకేసి వంగి, "ఏటప్పా, లోపల పహరావాళ్ళు పారిపోనారా?" అన్నాడు.

"పో అన్నా! నీ యేళాకోళం ఇప్పుడా!"

దానయ్య బుర్ర గోక్కున్నాడు. తిన్నగా బజారు మధ్యకి వెళ్ళి, ఖాళీ చేపలగంప బోర్లించి, దానిమీదికెక్కాడు.

"సునో సునో! నూకరత్నం కొట్లో తిన్నోళ్ళందరూ ఇనండి! ఒక్క ముద్ద తిన్నా తిన్నట్టే! రేపు పొద్దున్న పెద్దాసుపత్రికి రాండి! నాలికలు సూపించుకోండి! రానోడి కడుపుకి నా పూచీ లేదు!"

బజారు గొల్లుమంది. సేటు అద్దం తీసి నాలుక చూసుకున్నాడు. ఇద్దరు జవాన్లు ఒకళ్ళ నాలుక ఒకళ్ళు చూసుకున్నారు. లక్ష్ముడు చిక్కుడుకాయలు తూచడం మాని తక్కెడ పళ్ళెంలో మొహం చూసుకుంటూ నిలబడ్డాడు.

యేసురాజుకి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు మనిషివేనా? ఆ ఆడమనిషి మానం బజార్లో పెడతావా?"

"పెట్టింది నానా? ఎప్పుడో పెట్టేసినారు. నాను లెక్కకి మడుసుల్ని కలుపుతన్నాను." అని గంప దిగి, ఏడుస్తున్న నూకరత్నం దగ్గరకొచ్చాడు. "అప్పా, నీ కొట్లో నువ్వూ తింటావా, పస్తుంటావా?"

"తినకేటి సేస్తాను!"

"అయితే నువ్వూ తిన్నోళ్ళ లైన్లోనే. పొద్దున్నే రా."

ఆవిడ గరిట విసిరింది. దానయ్య తప్పుకున్నాడు. యేసురాజుకి తగిలింది.

మర్నాడు పెద్దాసుపత్రి చరిత్రలో అంత లైను ఎవరూ చూడలేదు. గేటు దాటి, రోడ్డు దిగి, మలుపు తిరిగింది. ఆఫీసులవాళ్ళు, జాలర్లు, జవాన్లు, సేటు, సేటు బొజ్జ. అందరి నాలుకలూ బయటే. ఆకువక్క ఎరుపు, పొగాకు నలుపు, నిన్న రాత్రి మామిడికాయ తొక్కు పసుపు. అందరూ తమ నాలుక దాచుకుంటూ పక్కవాడి నాలుక చూడ్డంలో మునిగిపోయి, మధ్యలో కొంగు కప్పుకుని వచ్చి నిలబడ్డ నూకరత్నాన్ని ఎవరూ చూడలేదు. చూసినా తిన్నవాళ్ళలో ఇంకో మనిషి, అంతే.

దానయ్య లైను పొడుగునా తిరుగుతూ, "జీబ్ బాహర్! నాలికలు బయటెట్టండి! తోసుకోకండి! తుష్నాబాద్‌వాళ్ళు చివర!" అంటున్నాడు. లక్ష్ముడికి తిట్టాలని ఉంది గానీ నాలుక బయటుంది.

ముందు నిలబడ్డ యేసురాజుని తోడు పట్టుకుని దానయ్య లోపలికెళ్ళాడు. డాక్టర్ దీదీ తలెత్తి చూసి నిట్టూర్చింది. "ఇవాళ ఎవరి రోగం తెచ్చావు, దానయ్యా?"

"ఎవరిదంటే ఏటి దీదీ, నాదే."

"నీదే!" దీదీ యేసురాజు వైపు తిరిగింది. "ఈ మనిషికి రాని రోగం లేదు బాబూ. ఒకసారి నులిపురుగులన్నాడు, ఒకసారి మొలలన్నాడు. చూస్తే ఏమీ ఉండవు. మొన్న వానాకాలం వచ్చి, 'దీదీ, నాకు పాలు పడ్డం లేదు, పిల్ల ఏడుస్తంది' అన్నాడు. ఏం మాట్లాడను? ఏం తినాలో చెప్పి పంపించాను. వారం పోయాక వచ్చి, 'ఇప్పుడు బాగా పడతన్నాయి' అని దండం పెట్టి వెళ్ళాడు."

యేసురాజు నోరు తెరిచాడు. పరీక్షకి కాదు, ఆశ్చర్యంతో. బజార్లో దానయ్య ఒక్కొక్క కడుపు దగ్గరా వంగి అడగడం, ఆ మనిషి కసురుకోవడం, కాసేపటికి అదే మనిషి చేప కొనే వంకన గంప దగ్గర గొంతుక్కూర్చుని గుసగుసలాడడం ఎన్నిసార్లు చూడలేదు! చేప బేరం అంతసేపెందుకో ఆయనకి ఎప్పుడూ అర్థం కాలేదు. అందరూ నవ్వే మనిషి దగ్గర ఏది చెప్పుకున్నా సిగ్గుండదు. ఆ సిగ్గంతా దానయ్య నెత్తిన వేసుకుని లైన్లో నిలబడేవాడు. బాలింత సిగ్గయినా సరే.

"మీకు కోపం రాలేదా దీదీ?"

"వచ్చింది. చూడకుండా మందివ్వనని తిట్టాను. అందుకే ఈసారి మనిషిని తెచ్చినట్టున్నాడు." దీదీ కిటికీలోంచి చూసింది. "మనిషికి తోడు ఊరిని కూడా."

నాలుకల పరీక్ష మధ్యాహ్నం దాకా సాగింది. తినడంవల్ల ఎవరికీ ఏమీ రాలేదు, రాదు కూడా అని దీదీ గొంతు బొంగురుపోయేలా చెప్పింది. తెల్లపొర ఉన్నవాళ్ళు ఇద్దరే తేలారు. ఒకరు నూకరత్నం. రెండోవాడు లక్ష్ముడు. దోమ కుట్టినా రెండురంగుల మాత్ర వేసుకోవడం అతని అలవాటట.

"ఇద్దరూ ఆ మాత్రలు మానెయ్యండి. ఈ మందు పూస్తాను, పొర పోతుంది," అని దీదీ సీసా తీసింది. ఊదారంగు మందు. పూస్తే నోరంతా నేరేడుపళ్ళు తిన్నట్టవుతుంది.

నూకరత్నం సీసా చూసి వెనక్కి జరిగింది. తెల్లనోరయితే కొంగు అడ్డం పెట్టుకోవచ్చు. ఈ ఊదానోరుతో బయటికెళితే బజారంతా చాటింపే. గుమ్మం వైపు అడుగు వేసింది.

దానయ్య అడ్డంగా వచ్చి నాలుక చాచాడు. "ముందు నాకు రాయండి దీదీ."

"నీకేం లేదు కదయ్యా!"

"లేకపోతేనేం! పహరావాళ్ళకి యూనిఫారం ఉండొద్దేటి?"

దీదీ అతన్ని చూసింది, నూకరత్నాన్ని చూసింది. సీసాలో దూది ముంచి పూసింది.

యేసురాజు మనసులో పెద్ద తుఫాను లేచింది. ఎల్లుండి ఆదివారం. వాక్యం చదవాలి. పాస్టరుగారి ఎదట, స్త్రీల సమాజం ఎదట, ఊదానోరుతో. భీమిలి మిషను బడి పరువేం కావాలి? ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, ప్రార్థన చేస్తున్నట్టు. నాలుక చాచాడు.

ఇక ఆగలేదు. ఆఫీసరంతటి మనిషి పూయించుకుంటే అది గొప్పమందే అయ్యుండాలని లైనంతా అనుకుంది. పైగా రంగుమందు, పైగా ఉచితం. "మాకూ, మాకూ!" అని ఎగబడ్డారు. సేటు రెండోసారి వచ్చి నిలబడితే దీదీ పట్టుకుంది. "సీసా అయిపోయింది, పొండి!" అని ఆవిడ అరిచేసరికి సగం పోర్టుబ్లేర్ నోరు ఊదారంగులో ఉంది. అందులో ఏ నోట్లో రోగం ఉందో కనిపెట్టడం దేవుడి తరమే.

పొద్దుట్నుంచి నిలబడి అందరి కడుపులూ మాడిపోతున్నాయి. దానయ్య నూకరత్నం వైపు చూశాడు. "అప్పా, గిన్నెలు మూట కట్టేసినావేటి?"

"ఇప్పితే ఎంతసేపు!" అంటూ ఆవిడ కొంగు నడుముకి దోపింది. నోటికి కాదు.

ఆ మధ్యాహ్నం రేకులషెడ్డులో పీటలు చాలలేదు. ఊదా నోళ్ళు తెరుచుకుంటున్నాయి, ఎర్రటి పులుసు లోపలికి పోతోంది. లక్ష్ముడు వంకాయలు ఊరికే ఇచ్చి, మారు వడ్డించమని మొహమాటంగా అడిగాడు. నూకరత్నం మొట్టుతానన్నట్టు చెంబు ఎత్తి, మారు వడ్డించింది. జెట్టీలో విశాఖపట్నం ఓడ కూత వేసింది. ఆవిడ ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది, వినిపించుకోలేదు.

చేతులు కడుక్కునే చోట యేసురాజు దానయ్య పక్కకి చేరాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"దానయ్యా, నాకు తెలిసినాయన ఒకడున్నాడు. పెద్ద చదువు, మంచి హోదా. పాపం బిస్కెట్లు తిని తిని ఆయనకి కొన్నాళ్ళుగా... పొద్దున్నే... వెళ్ళడం..."

దానయ్య ఆయన పొట్టకేసి ఒక్కసారి చూశాడు. తర్వాత షెడ్డు వైపు తిరిగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, బస్టాండు దద్దరిల్లేలా అరిచాడు.

"ఓలమ్మో దీదీ దగ్గరికి మళ్ళీ పోవాలర్రా! నాకు ఇరేచనం అవతం లేదు!"

షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా యేసురాజు నవ్వాడు, ఊదా నాలుక కొసదాకా కనబడేలా.